మంద వెంట కుక్క

1992లో మేము మదరసా చదువు ముగించుకుని, రాయలసీమలో ఒక చిన్న ఊరి మసీదులో పిల్లలకు ఖుర్ఆన్ చెప్పే పనిలో కొత్తగా కుదిరాము. ఇరవై రెండేళ్ళ వయస్సు. గడ్డం ఇంకా పూర్తిగా రాలేదు గాని ఊళ్ళో పెద్దవాళ్ళు సైతం 'మౌల్వీ సాబ్' అనే పిలిచేవారు. ఒక శుక్రవారం నమాజు ముగిశాక, నలభై గొర్రెలున్న ఒక పెద్దాయన జనమంతా వెళ్ళిపోయేదాకా ఆగారు. మేము ఆయనను చాచా అనేవాళ్ళం. దగ్గరకు వచ్చి మెల్లగా అడిగారు: "మౌల్వీ సాబ్, మంద దగ్గర ఒక కుక్కను పెట్టుకున్నాను. కుక్క ఉన్న ఇంటికి ఫరిష్తాలు రారంటారు గదా. ఉంచమంటారా, తోలెయ్యమంటారా?"

మేము క్షణమైనా ఆలోచించలేదు. "తోలెయ్యండి" అన్నాము.

ఆయన తోలేశారు. కుక్క రెండు మూడు సార్లు వెతుక్కుంటూ తిరిగి వచ్చిందట. చివరకు ఎవరో లారీ ఎక్కించి దూరంగా వదిలేసి వచ్చారట. ఆ చలికాలంలోనే ఒక రాత్రి చేలో పెట్టిన మంద మీద తోడేళ్ళు పడ్డాయి. తెల్లవారి చూస్తే తొమ్మిది గొర్రెలు లేవు. కొన్ని చచ్చి పడి ఉన్నాయి, కొన్ని చెదిరిపోయి దొరకలేదు. అందులో చూడి గొర్రెలే ఎక్కువ. చాచా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మరుసటి శుక్రవారం ఎప్పటిలాగే వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.

గొర్రెల కాపలాకు, వేటకు, పంట కాపలాకు ఉంచుకునే కుక్కకు మహాప్రవక్త (స) స్వయంగా మినహాయింపు ఇచ్చారని తెలిపే హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నాయి. వాటిని మేము చదివాము, ఉస్తాదు ముందు అప్పజెప్పాము, పరీక్షలో రాశాము. నిజమైన గొర్రెలకాపరి ఒకరు ఎదుటికి వచ్చి అడిగిన రోజున మాత్రం అవి మాకు గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదనడం కన్నా, చిన్నప్పటి నుంచి కుక్కంటే ఉన్న ఏవగింపే మా నోట ఫత్వాగా వచ్చిందనడం నిజం.

ఈ సంగతిని ఇన్నేళ్ళ తరువాత రాయడానికి కారణం ఉంది. 2023లో రంజాన్ పండుగ వెళ్ళిన వారానికి, ఇంగ్లండులోని యార్క్‌షైర్ కొండల్లో ఒక చిన్న గొర్రెల ఫారం మీద మూడు పగళ్ళు, రెండు రాత్రులు గడిపే అవకాశం మాకు కలిగింది. మా అబ్బాయి లీడ్స్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. అతను మాంసం కొనే దుకాణం పక్కనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌లో ఉంది. ఆ దుకాణదారు పెద్దలు మీర్‌పూర్ నుంచి వెళ్ళి స్థిరపడినవారు. ఉర్దూ మాట్లాడే మనిషి దొరికితే మాకు పొద్దు తెలియదు. మాటల్లో ఆయన, "నాకు గొర్రెలమ్మే రైతు దగ్గరకు వెళ్తున్నాను, మీరూ రండి మౌలానా, ఆ ఇంట్లో పై గదులు అద్దెకిస్తారు" అన్నారు. అలా బయలుదేరాము.

ఆ రైతుకు డెబ్బై ఏళ్ళు దాటాయి. భార్యాభర్తలిద్దరే. రెండువందల లోపు గొర్రెలు, రెండు కుక్కలు. ఆ ప్రాంతపు గొర్రెను స్వేల్‌డేల్ అంటారు. స్వేల్ నది పారే లోయ పేరే దాని పేరు. నల్లని ముఖం, మూతి దగ్గర తెలుపు, ఆడవాటికీ పొట్టేళ్ళకూ చుట్టు తిరిగిన కొమ్ములు, ముతక ఉన్ని. వానకూ మంచుకూ జంకని జాతి. లోయ అడుగున పచ్చిక మడులు, వాటి మధ్య సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, పైన బోడి కొండ. కొండ మీద కంచెలు లేవు. అయినా ఏ మంద ఎంతవరకు మేయాలో గొర్రెలకే తెలుసట. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, ఆ పిల్ల తల్లయ్యాక తన పిల్లకు నేర్పుతుంది. అందువల్ల అక్కడ ఫారం అమ్మితే చాలాచోట్ల గొర్రెలు కూడా ఆ కొండతోనే కొత్త యజమానికి పోతాయి.

కారు దిగగానే రెండు కుక్కలూ లేచాయి. మేము అలవాటు చొప్పున షేర్వానీ అంచు పైకెత్తి రెండడుగులు వెనక్కు వేశాము. రైతు ఒక్క మాట అన్నాడు. రెండూ ఉన్నచోటనే పడుకున్నాయి. ఆయన మా అవస్థ గమనించి మా అబ్బాయితో, "మీ నాన్నగారికి చెప్పు, మా కుక్కలు ఇంట్లోకి రావు. ఇవి పనికుక్కలు, వీటి కొట్టం వేరే ఉంది" అన్నాడు. ఇంగ్లీషువాళ్ళు కుక్కను సోఫా మీద కూర్చోబెట్టుకుంటారని విని వచ్చిన మాకు ఆ మాట కొత్తగా తోచింది. ఇల్లాలు మాకు పై గదిలో జానమాజు పరుచుకునే చోటు చూపి, కిటికీ ఎటుందో, తూర్పెటో కూడా చెప్పింది. అక్కడ ఖిబ్లా ఆగ్నేయానికి వస్తుంది. పడమటికి తిరిగే అలవాటున్న మేము ప్రతిసారీ ఒక క్షణం తడుముకున్నాము.

ఆ సాయంత్రమే మొదటిసారి కుక్క పని చూశాము. నిరుడు పుట్టి, ఇంకా ఈతకు రాని అరవై పిల్లగొర్రెలు కొండ మీద ఉన్నాయి. వాటికి మందు తాగించాలి, గిట్టలు చూడాలి. మనవైపు అయితే ఇద్దరు ముగ్గురు మనుషులు కొండెక్కి, అరిచి, రాళ్ళు విసిరి, చీకటిపడేవేళకు దింపుకొస్తారు. ఈ ముసలాయన గోడ దగ్గర నుంచి కదలలేదు. ఫ్లై అనే మూడేళ్ళ ఆడకుక్కను పిలిచి ఒక మాట చెప్పాడు, అంతే. అది గొర్రెల వైపు నేరుగా పరుగెత్తుతుందనుకున్నాము. అలా వెళ్ళలేదు. వాటికి దూరంగా, కొండ అంచు పట్టుకుని, పెద్ద చుట్టు తిరిగి వెళ్ళింది. నేరుగా వెళ్తే గొర్రెలు బెదిరి తలో దిక్కూ పోతాయి. పైకి, వాటి వెనక్కు చేరుకున్నాక నేలకు కరుచుకుని పడుకుంది. గొర్రెలు తలలెత్తి చూశాయి. అది లేచి తల వంచి, చూపు తిప్పకుండా, ఒక్కొక్క అడుగే వేసింది. గొర్రెలు ఒక గుంపుగా చేరి దిగడం మొదలుపెట్టాయి.

రైతు ఈల ఒక్కటే వాడాడు. దూరం ఎక్కువైతే మాట వినబడదు గాని ఈల వినబడుతుంది. దగ్గరలో నోటి మాటలు చాలు. 'కమ్ బై' అంటే గడియారపు ముల్లు తిరిగే దిక్కున మందను చుట్టాలి. 'అవే' అంటే దానికి ఎదురు దిక్కున. పడుకోమంటే పడుకోవాలి. చివరిది 'దటిల్ డూ': ఇక చాలు, వచ్చెయ్యమని. రెండు కుక్కలతో ఒకేసారి పని చేయించేటప్పుడు ఒకదాని ఈల మరొకదానికి తగలకుండా వేర్వేరు ఈలలు నేర్పుతారు. అరవై గొర్రెలూ దొడ్డి వాకిట్లోకి వచ్చాక ఒకటి మాత్రం తిరగబడి కుక్క వైపు కాలు నేలకేసి కొట్టింది. ఫ్లై మొరగలేదు, మీద పడలేదు. ఒక అడుగు ముందుకు వేసి, చూస్తూ నిలబడింది. గొర్రె తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళుగా బెత్తం పట్టుకుని పిల్లలకు చదువు చెబుతున్నవాళ్ళం. ఆ చూపును చూసి కొంచెం సిగ్గుపడ్డామని ఒప్పుకుంటున్నాము.

కరిచే కుక్కను ఆ రైతులు పనికి ఉంచుకోరు. కరిస్తే గొర్రెకు గాయం, చూడిదైతే పిల్ల పోతుంది. అయితే ఈ చూపు, ఈ పొంచడం ఎక్కడివి? తోడేలు వేటలో చేసేవే. వెతకడం, చుట్టడం, పొంచడం, తరమడం వరకు ఉంచి, పట్టి చంపే చివరి మెట్టును తరతరాల ఎంపికతో మనుషులు అణచివేశారు. బ్రిటన్‌లో తోడేళ్ళు అంతరించి కొన్ని శతాబ్దాలయింది. కనుక అక్కడి కుక్కకు కాపలా పని తప్పి, మందను తోలే పని మిగిలింది. ఈ జాతి పేరు బోర్డర్ కోలీ. ఇంగ్లండు స్కాట్లండు సరిహద్దు కొండల్లో పెరిగింది కనుక ఆ పేరు. 1893లో నార్తంబర్లండులో పుట్టిన 'ఓల్డ్ హెంప్' అనే మగకుక్కకు దాదాపు నేటి బోర్డర్ కోలీల వంశమంతా కలుస్తుందంటారు. అది అరవకుండా, మీద పడకుండా కేవలం చూపుతో పని చేసేదట. 1906లో ఈ కుక్కల కోసమే ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడి వంశావళి పుస్తకం మొదలుపెట్టింది. అంతకు ముందే 1873లో వేల్స్‌లోని బాలా అనే ఊళ్ళో మందను తోలే కుక్కల పోటీ జరిగింది. కుక్కకు అన్ని తరాల వంశవృక్షం రాసి పెట్టినవాళ్ళను చూసి మా అబ్బాయి నవ్వాడు. మేము మాత్రం హదీసు ఉల్లేఖకుల పరంపరను గుర్తుచేసుకుని, రాసిపెట్టడంలో ఉన్న శ్రద్ధను తక్కువ చేసి మాట్లాడవద్దని వాడికి చెప్పాము.

నేర్చిన కుక్క చవక కాదు. 2021 ఫిబ్రవరిలో వేల్స్ వేలంలో ఏడాది వయసు కుక్క ఒకటి 27,100 పౌండ్లు పలికింది. అంటే మన లెక్కన సుమారు 27 లక్షల రూపాయలు. మా రైతు అలాంటివాటిని కొనేవాడు కాదు. ఫ్లై తన పాత కుక్క మాస్ కడుపున పుట్టినదే. ఏడాది వయసు దగ్గర పడేదాకా దాన్ని మంద దగ్గరకు పోనివ్వలేదట. కాళ్ళకు బలం రాకముందే గొర్రె చేతిలో దెబ్బ తింటే జన్మలో మళ్ళీ ఎదురు నిలవదట.

రెండవ రోజు తెల్లవారుజామున నాలుగు కాకముందే ఫజ్ర్ వేళ అవుతుంది. నమాజు చేసుకుని కిందికి దిగేసరికి ఇల్లాలు తడిసిన కోటుతో లోపలికి వస్తున్నది. ఈతల కాలంలో రాత్రి వంతు ఆమెది, పగటి వంతు భర్తది. నవంబరు మొదటి వారంలో పొట్టేళ్ళను కలిపితే నూట నలభై ఏడు రోజులకు, అంటే ఏప్రిల్ మొదటి తారీఖుకు ఈతలు మొదలవుతాయి. కొండ ప్రాంతంలో గడ్డి ఆలస్యంగా మొలుస్తుంది కనుక వీళ్ళు పొట్టేళ్ళను మరో రెండు వారాలు ఆపుతారు. ఆ రెండు వారాలు చలిలో పిల్ల బతుకుతుందా లేదా అన్నదే లెక్క.

ఆ రాత్రి వడగళ్ళు కలిసిన వాన కురిసింది. వంటగదిలో పొయ్యి పక్కన అట్టపెట్టెలో ఒక పిల్ల ఉంది. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది. పుట్టిన కొన్ని గంటల్లోపల ముర్రుపాలు కడుపులో పడకపోతే పిల్లకు రోగాలను తట్టుకునే శక్తి రాదు. ఆమె సన్నని గొట్టం పిల్ల గొంతులోంచి కడుపుదాకా జాగ్రత్తగా దింపి, తల్లి దగ్గర పిండిన పాలు పోసింది. బొడ్డుకు అయోడిన్ అద్దింది. గంట గడిచాక అది తల ఎత్తింది. ఆమె చేతులు మన ఊళ్ళలో గొర్రెలు కాసే ఆడవాళ్ళ చేతుల్లాగే పగిలి ఉన్నాయి.

పొలంలో మరో దృశ్యం. ఒక గొర్రె చచ్చిన పిల్లను నాకుతూ నిలబడి ఉంది. అవతల ఇంకొక గొర్రెకు మూడు పిల్లలు పుట్టాయి, దానికి పాలున్నది రెండింటికే. రైతు చచ్చిన పిల్ల చర్మం ఒలిచి, కాళ్ళకు రంధ్రాలు పెట్టి, ఆ మూడో పిల్లకు చొక్కాలా తొడిగాడు. తల్లి దగ్గర వదిలాడు. అది ముందు తలతో కుమ్మబోయి, తోక దగ్గర వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆ తరువాత పిల్ల పొదుగు కిందికి దూరితే కదలకుండా నిలబడింది. రెండు మూడు రోజులయ్యాక ఆ చర్మం కోసి పారేస్తే చాలట, అప్పటికి తన పాల వాసన పిల్లకు వచ్చేస్తుంది. మాకు కళ్ళు చెమర్చాయి. రైతు మాత్రం కత్తి తుడుచుకుని మరో మడికి నడిచాడు. అతనికి ఆ పొద్దు ఇంకా పదకొండు గొర్రెలు ఈనవలసి ఉన్నాయి.

ఈ వారాల్లో కుక్కకు చాలా నెమ్మది పని. అప్పుడే ఈనిన గొర్రె కుక్కకు భయపడదు, ఎదురు వచ్చి పొడుస్తుంది. అందుకని ఫ్లై గేటు దగ్గర పడుకుని ఉండేది. కష్టపడుతున్న గొర్రెను రైతు పట్టుకోవలసి వస్తే దాన్ని గోడ మూలకు చేర్చి అక్కడ నిలిపేది. డెబ్బై ఏళ్ళ మనిషి తడి గడ్డిలో గొర్రె వెంట పరుగెత్తి పట్టుకోగలడా? "ఈ కుక్క లేకపోతే నేను ఈ ఏడాదే అమ్ముకుని పోతాను" అన్నాడు. కూలివాణ్ణి పెట్టే స్తోమత లేదు.

ఎందుకు లేదో కూడా అడిగాము. ఉన్ని కత్తిరించే కూలి ఉన్ని ధర కన్నా ఎక్కువ. ప్రతి గొర్రె చెవికీ బిళ్ళలు, ఎక్కడి నుంచి ఎక్కడికి తోలినా కాగితాలు. యూరోపు కూటమిలో ఉన్నప్పుడు భూమిని బట్టి వచ్చే సహాయపు సొమ్మును, బయటికి వచ్చాక, 2021 నుంచి ఏటా తగ్గిస్తూ వచ్చారు. మిగిలిన ఆధారం మాంసం ధర. ఇక్కడే ఆయనకూ మనకూ సంబంధం. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండు, వేల్స్‌లలో ముస్లిములు 6.5 శాతం. గొర్రె మాంసం కొనుగోళ్ళలో వాళ్ళ వాటా అంతకు చాలా ఎక్కువ. బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని ఆ ముసలాయనకు తెలుసు, గోడ మీద క్యాలెండరులో గుర్తు కూడా పెట్టుకున్నాడు. ఆ ఏడాది పండుగ జూన్ చివరిలో. ఏప్రిల్‌లో పుట్టిన పిల్లలు ఖుర్బానీకి పనికిరావు కనుక, నిరుటి పొట్టేళ్ళలో కొన్నిటిని అమ్మకుండా ఆపి ఉంచాడు. బ్రాడ్‌ఫర్డ్ భాయ్ చూడవచ్చింది వాటినే. అక్కడ ఇంటి ముందర కోయడానికి చట్టం ఒప్పదు, అనుమతి ఉన్న కబేళాకే తీసుకెళ్ళాలి.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి, మన ఇళ్ళకు పనికివస్తుంది. కొట్టం గోడకు మాత్రల డబ్బా వేలాడుతున్నది, పక్కన తేదీలు రాసిన కాగితం. కుక్కలకు క్రమం తప్పకుండా బద్దెపురుగుల మందు వేస్తారు. గొర్రె పచ్చి పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు కుక్క నోటికి అందనివ్వరు. వాటిలో నీటి తిత్తులుంటే, తిన్న కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్క పెంట ద్వారా వాటి గుడ్లు గడ్డికి, నీళ్ళకు, కూరగాయలకు, పిల్లల చేతులకు అంటుకుంటాయి. మనిషి కడుపులోకి పోతే అవే తిత్తులు మనిషి కాలేయంలోనూ ఏర్పడతాయి. బక్రీద్ నాడు మన గల్లీల్లో పారేసే వ్యర్థాల కోసం వీధికుక్కలు గుమిగూడటం చూస్తూనే ఉన్నాము. గొయ్యి తీసి లోతుగా పూడ్చడం కష్టమైన పని కాదు.

ఆ సాయంత్రం పాత కుక్క మాస్ దగ్గర కూర్చున్నాము. అంటే, మూడు గజాల దూరంలో. దానికి పదకొండేళ్ళు, కళ్ళకు పొర కమ్మింది. పని మానిపించి రెండేళ్ళయింది. అయినా పొద్దున్నే గేటు దగ్గరకు వచ్చి నిలబడుతుందట. అప్పుడు రైతు 2001 సంగతి చెప్పాడు. ఆ ఏడాది గాలికుంటు వ్యాధి వచ్చి బ్రిటన్ అంతటా అరవై లక్షలకు పైగా పశువులను, గొర్రెలను చంపి కాల్చారు, పూడ్చారు. ఈయన మంద తప్పించుకుంది. లోయ అవతల స్నేహితుడి మంద మొత్తం ఒక్క పూటలో పోయింది. తరతరాలుగా కొండ హద్దులు తెలిసిన గొర్రెలవి, డబ్బిచ్చి కొనితెచ్చేవి కావు. ఆ స్నేహితుడి కుక్క వారాల తరబడి ఖాళీ మడి గేటు దగ్గర కూర్చునేదట. దాన్ని చూడలేక ఆయన వేరేవాళ్ళకు ఇచ్చేశాడట. ఈ మాట చెప్పి రైతు చాలాసేపు మాట్లాడలేదు.

అదే దారిలో ఒక బోర్డు చూశాము: కుక్కలను తాడు విప్పి వదలవద్దని. షికారుకు వచ్చే పట్నంవాళ్ళ పెంపుడు కుక్కలు చూడి గొర్రెలను తరిమి చంపడం అక్కడి రైతులకు ఏటా ఉన్న బాధ. 1953 నుంచి దాని మీద చట్టం కూడా ఉంది. పని ఉన్న కుక్క గొర్రెకు రక్ష, పని లేని కుక్క అదే గొర్రెకు మృత్యువు. ఏ అవసరమూ లేకుండా కుక్కను ఉంచుకునేవాని పుణ్యంలో రోజుకు ఒక ఖీరాత్ తరిగిపోతుందని, గొర్రెలకు, వేటకు, సేద్యానికి ఉంచుకున్నదైతే అలా కాదని ఉన్న హదీసును (కొన్ని ఉల్లేఖనాల్లో రెండు ఖీరాత్‌లు) ఆ బోర్డు ముందు నిలబడి తలచుకున్నాము. ఖీరాత్ అనే మాట బుఖారీలోనే మరోచోట వస్తుంది. ప్రవక్తలందరూ గొర్రెలు కాచినవారేనని, తామూ మక్కావారి గొర్రెలను కొన్ని ఖీరాత్‌ల కూలికి కాచామని మహాప్రవక్త (స) సెలవిచ్చారు. అది కూలి కాదు, మక్కాలో ఒక స్థలం పేరని చెప్పిన పండితులూ ఉన్నారు. ఏదైనా, కుక్కల గురించి మినహాయింపు చెప్పినది మంద వెంట నడిచిన మనిషి. మేము నడవలేదు. పుస్తకం మాత్రం చదివాము.

పాఠకులు అడగబోయేది మాకు తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాము. మా హనఫీ మజ్‌హబ్‌లో కుక్క ఎంగిలి అశుద్ధం. అది మూతి పెట్టిన పాత్రను మూడుసార్లు కడగడం తప్పనిసరి, ఏడుసార్లు కడగడం ఉత్తమం. పొడిగా ఉన్న వెంట్రుకలు బట్టకు తగిలినంత మాత్రాన బట్ట చెడదు. షాఫయీ ఇమాముగారి మార్గంలో నియమం ఇంకా కఠినం: ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో. ఫరిష్తాల విషయం అనుమతి ఉన్న కుక్కకు వర్తించదని కొందరు పండితులు, వర్తిస్తుందని కొందరు అన్నారు. కాపలా కుక్క చోటు ఇంట్లో కాదు, మంద దగ్గర. అలా ఉంచుకుంటే ఆ తర్జనభర్జనే అక్కరలేదు. శిక్షణ పొందిన జంతువు పట్టి తెచ్చిన వేటను ధర్మసమ్మతం చేసిన వాక్యం అల్‌మాయిదా సూరాలో ఉంది. గుహవాసుల గాథలో వాకిట ముందుకాళ్ళు చాచి పడుకున్న కుక్క ప్రస్తావన అల్‌కహఫ్ సూరాలో ఉంది, దాన్ని మనం ప్రతి శుక్రవారం పారాయణం చేస్తున్నాము. దాహంతో ఉన్న కుక్కకు బావి నీళ్ళు తోడి పోసినవారికి క్షమాపణ లభించిన హదీసును పిల్లలకు చెబుతాము. బయటికి వెళ్ళిన ఆ పిల్లలే వీధికుక్కను రాళ్ళతో కొడుతుంటే చూసీ చూడనట్టు ఊరుకుంటాము.

మూడవ రోజు బయలుదేరుతుంటే ఫ్లై మా వైపు వచ్చింది. ఈసారి షేర్వానీ ఎత్తలేదు. అది ముట్టుకోలేదు, ముట్టుకోమని అడగలేదు. వాసన చూసి గొర్రెల వైపు వెళ్ళిపోయింది. దాని పని దానికుంది.

ఇండియాకు తిరిగి వచ్చిన రెండు నెలలకు ఆ పాత ఊరికి వెళ్ళాము. చాచా పోయి పద్నాలుగేళ్ళయిందని అప్పుడు తెలిసింది. వాళ్ళ అబ్బాయి కువైట్‌లో ఆరేళ్ళు పనిచేసి తిరిగి వచ్చి, అరవై గొర్రెలతో తండ్రి పనే చేస్తున్నాడు. నెల్లూరు జాతి జోడిపి గొర్రెలు, ఉన్ని లేనివి. కోసిన చేలల్లో రాత్రిపూట మంద పెడతాడు, ఎరువు కోసం రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. మనవైపు కాపరి మందకు ముందో వెనకో తనే నడుస్తాడు, నోటితో అదిలిస్తాడు. కుక్కకు తోలే పని లేదు, రాత్రి కాపలాయే దాని పని. కర్నూలు జిల్లాలో తోడేళ్ళు ఇంకా ఉన్నాయి. పత్తికొండ దగ్గరి పందికోన ఊరి పేరుతో పిలిచే కుక్కలకు ఆ చుట్టుపక్కల కాపరుల్లో మంచి పేరు.

మంద దగ్గరకు వెళ్ళేసరికి సాయంత్రమైంది. వలల దొడ్డి బయట, వాకిలి దగ్గర ఎర్రమట్టి రంగు కుక్క ముందుకాళ్ళు చాచి పడుకుని ఉంది. మమ్మల్ని చూడగానే అబ్బాయి గాభరాపడి కర్ర తీసుకుని, "మౌల్వీ సాబ్ వచ్చారు, పో, పో" అని దాన్ని అదిలించాడు.

"ఉండనివ్వు బేటా" అన్నాము. "ఇది మంద కుక్క. దీన్ని ఉంచుకోవచ్చు."

అతను కర్ర దించి మమ్మల్ని చూశాడు. "మరి మా అబ్బాకు అప్పుడు వద్దన్నారట గదా?"

"అప్పుడు మేము తప్పు చెప్పాము."

అతను ఏమీ అనలేదు. కాసేపటికి లేచి, సత్తుగిన్నెలో మిగిలిన జొన్నసంగటి ముద్దను తెచ్చి, వాకిలి దగ్గరున్న పగిలిన కుండపెంకులో వేశాడు. చీకటి పడుతున్నది. కుక్క లేచి, ముందు ఒకసారి మంద చుట్టూ తిరిగి వచ్చి, ఆ తరువాత తిన్నది.